సంతకం ఎవరిది?

1977 జూన్ 15 రాత్రి న్యూయార్క్ మెట్స్ జట్టు తన పిచ్చర్ టామ్ సీవర్‌ని సిన్సినాటి రెడ్స్‌కి ఇచ్చేసింది. బదులుగా నలుగురు వచ్చారు: పాట్ జాక్రీ, డగ్ ఫ్లిన్, స్టీవ్ హెండర్సన్, డాన్ నార్మన్. బేస్‌బాల్ చరిత్రలో ఈ నాలుగూ పెద్ద పేర్లేమీ కావు. అయినా అప్పట్లో బడిపిల్లలుగా ఉండి ఇప్పుడు అరవైకి అటూఇటూగా ఉన్న మెట్స్ అభిమానుల్ని కదిపి చూడండి, ఎక్కాలు అప్పజెప్పినట్టు నాలుగు పేర్లూ చెబుతారు. ఆ రాత్రికి న్యూయార్క్‌లో పడిపోయిన పేరు ‘అర్ధరాత్రి ఊచకోత’.

బేస్‌బాల్‌లో ట్రేడ్ అంటే ఆటగాణ్ణి ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవడం. ఐపీఎల్ వేలంలో ఆటగాడు తనంతట తాను పేరు నమోదు చేసుకుంటాడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు. చేతులు మారేది ఒప్పంద పత్రం, దాని వెనకాలే మనిషి వెళ్లాలి. 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ మధ్యాహ్నం షికాగోలో మెట్స్ తరఫున ఆడి ఒక హిట్ కొట్టాడు. ఆట నడుస్తుండగానే అతన్ని మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కి ఇచ్చేశారు. విమానం పట్టుకుని ఫిలడెల్ఫియా చేరి, అదే రాత్రి కొత్త జట్టు తరఫున ఇంకో హిట్ కొట్టాడు. ఒకే రోజు, రెండు ఊళ్లు, రెండు చొక్కాలు. రికార్డుల పుస్తకానికి ఇది సరదా సంగతే. ఆ మధ్యాహ్నం అతని భార్యాపిల్లలు ఏ ఊళ్లో ఉండిపోయారో పుస్తకం రాయదు.

సీవర్ దగ్గరికి వద్దాం. 1962లో మొదలైన నాటి నుంచి ఓటములతో నవ్వులపాలైన జట్టు మెట్స్. అలాంటిది 1969లో వరల్డ్ సిరీస్ గెలిచిందంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు అతనిదే. ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అప్పటికే 3 సార్లు అందుకున్నాడు. మెట్స్‌కి 189 విజయాలు సాధించిపెట్టాడు. జీతం దగ్గర చైర్మన్ డొనాల్డ్ గ్రాంట్‌తో పేచీ వచ్చింది. డైలీ న్యూస్ పత్రికలో డిక్ యంగ్ అనే కాలమిస్టు యాజమాన్యం పక్షాన నిలబడి సీవర్‌ని రోజూ దులిపేవాడు. చివరికి ఒక కాలమ్‌లో సీవర్ భార్యని కూడా లాగాడు. ఒకప్పటి సహ ఆటగాడు నోలన్ రయన్ ఎక్కువ సంపాదిస్తున్నాడని ఆమెకి కడుపుమంట అన్నాడు. ఊచకోత జరిగింది ఆ రాత్రే.

మర్నాడు షే స్టేడియంలో బీరువా ఖాళీ చేస్తూ విలేకరులతో మాట్లాడిన సీవర్, అభిమానుల ప్రస్తావన రాగానే గొంతు పెగలక ఏడ్చేశాడు. చెప్పదల్చుకున్నది కాగితం మీద రాసిచ్చాడు. సరిగ్గా ఏడాది తర్వాత, 1978 జూన్ 16న, సిన్సినాటి తరఫున ప్రత్యర్థులకి ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆట ముగించాడు. పిచ్చర్‌కి ‘నో హిట్టర్’ని మించిన కల ఉండదు. మెట్స్ పిచ్చర్ ఎవరైనా ఆ పని చేసి చూపించడానికి 2012 దాకా పట్టింది, అభిమానులు ఈ లెక్క కూడా గ్రాంట్ ఖాతాలోనే రాస్తారు.

అయితే ఈ కథలో జనం జ్ఞాపకం మెల్లగా పక్కకి జరిపేసిన సంగతి ఒకటుంది. చివరి క్షణంలో కొత్త ఒప్పందం దాదాపు కుదిరింది. భార్య గురించి రాసిన కాలమ్ సంగతి తెలియగానే, ఇక చాలు, నన్ను పంపించెయ్యండి అన్నది సీవరే. అతని కోపం న్యాయమైనదే, ఎవరికైనా వస్తుంది. కానీ వెళ్లాలన్న నిర్ణయంలో అతని పాలు ఉంది. అభిమాని మాత్రం ‘మావాణ్ణి అమ్మేశారు’ అంటాడు తప్ప ‘మావాడు వెళ్లిపోయాడు’ అనడు. దీని సంగతి కొంచెం ఆగి చూద్దాం.

పాత ట్రేడ్‌లని తలుచుకునే తీరు ఒకటి కాదు. లెక్కల తీరు ఒకటి, అన్నిటికన్నా తేలికైంది. 1964లో షికాగో కబ్స్ లూ బ్రాక్‌ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చి ఎర్నీ బ్రోలియో అనే పిచ్చర్‌ని తెచ్చుకుంది. బ్రాక్ ఆ ఏడాదే కార్డినల్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాడు. రిటైరయ్యేనాటికి 938 బేస్‌లు దొంగిలించి రికార్డు సృష్టించాడు. మోచేయి చెడిన బ్రోలియో కబ్స్‌కి గెలిపించినవి మొత్తం 7 ఆటలు. అమెరికాలో నష్టబేరానికి ఈ రెండు పేర్లూ మారుపేర్లయిపోయాయి. తమాషా ఏమిటంటే ట్రేడ్ జరిగిన రోజున కబ్స్ పక్షంలో పెద్దగా బాధపడ్డవాళ్లు లేరు. బ్రోలియో అంతకు ముందు ఏడాది 18 ఆటలు గెలిచిన పిచ్చర్. పెదవి విరిచింది కార్డినల్స్ ఆటగాళ్లే. అంటే షికాగో వాళ్ల దుఃఖం తర్వాత తయారైంది, స్కోరుబోర్డు చూసుకుంటూ.

1965లో ఫ్రాంక్ రాబిన్సన్‌ని బాల్టిమోర్‌కి పంపేసిన సిన్సినాటిదీ ఇదే బాపతు. ముప్ఫై ఏళ్లకే ముసలివాడయ్యాడన్నట్టు మాట్లాడాడు యజమాని. ఆ ‘ముసలివాడు’ మరుసటి ఏడాది బ్యాటింగ్ సగటులో, హోమ్ రన్లలో, పరుగులు రాబట్టడంలో లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచి, జట్టుకి వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టాడు. 1988లో వచ్చిన ‘బుల్ డర్హమ్’ సినిమాలో నాయిక కూడా ఈ ట్రేడ్‌ని తలుచుకుంటుంది. అక్కడ పాపం మిల్ట్ పాపస్ పేరు వినిపిస్తుంది. బాల్టిమోర్ నుంచి బదులుగా వచ్చిన ముగ్గురిలో అతనొకడు. అతను చేసిన నేరమేమీ లేదు, మంచి పిచ్చరే. కానీ జ్ఞాపకంలో అతనికి దక్కిన ఉద్యోగం త్రాసులో తేలిపోయే పళ్లెం.

రెండో తీరుకి లెక్కలు పట్టవు. 1960 ఏప్రిల్ 17, ఈస్టర్ ఆదివారం. క్లీవ్‌ల్యాండ్ జనరల్ మేనేజర్ ఫ్రాంక్ లేన్ తన హోమ్ రన్ వీరుడు రాకీ కోలవీటోని డెట్రాయిట్‌కి ఇచ్చి, అక్కడి బ్యాటింగ్ చాంపియన్ హార్వీ కీన్‌ని తెచ్చాడు. కాగితం మీద ఇది మరీ తెలివితక్కువ బేరం కాదు. 1959లో కోలవీటో 42 హోమ్ రన్లు కొట్టాడు, కీన్ సగటు .353. కానీ క్లీవ్‌ల్యాండ్ పిల్లలకి సగటుతో పనేముంది? అందగాడు, ఓపిగ్గా నిలబడి ఆటోగ్రాఫులిచ్చేవాడు, బ్యాట్ పట్టేముందు వాడు ఒళ్లు విరుచుకునే పద్ధతిని ఊళ్లో పిల్లలంతా అనుకరించేవాళ్లు. మెంఫిస్‌లో ప్రాక్టీసు మ్యాచ్ ఆడుతూ ఫస్ట్ బేస్ మీద నిలబడి ఉన్నప్పుడు మేనేజర్ వచ్చి చెబితే కోలవీటోకి సంగతి తెలిసింది. రెండు రోజుల తర్వాత సీజన్ మొదటి ఆట క్లీవ్‌ల్యాండ్‌లోనే, డెట్రాయిట్‌తోనే. కోలవీటో పరాయి చొక్కాలో వచ్చాడు. 15 ఇన్నింగ్స్ సాగిన ఆ ఆటలో ఆరుసార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్టూ కొట్టలేకపోయాడు. ఆ రోజు కోలవీటో అంకెలు లేన్ పక్షమే. ఊరు మాత్రం అతన్ని క్షమించలేదు. 1948 తర్వాత వరల్డ్ సిరీస్ గెలవని ఆ ఊరి దరిద్రానికంతటికీ ‘రాకీ కోలవీటో శాపం’ అని పేరు పెట్టి ఒక విలేకరి పుస్తకమే రాశాడు. లేన్ అక్కడితో ఆగే రకం కాదు. అదే ఏడాది ఆగస్టులో తన మేనేజర్‌ని సైతం డెట్రాయిట్ మేనేజర్‌తో మార్చుకున్నాడు. ఆ ట్రేడ్‌ని తలుచుకుని బాధపడ్డవాళ్లెవరూ కనిపించరు.

అసలు ‘నన్నెవరడిగారు?’ అని నిలదీసిన ఆటగాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్‌లో 12 సీజన్లు ఆడాక, 1969 అక్టోబరులో అతన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. కదలనన్నాడు. తానేమీ కొని అమ్ముకునే సరుకుని కానంటూ డిసెంబరు 24న లీగ్ కమిషనర్‌కి ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. విచారణలో మాజీలు జాకీ రాబిన్సన్, హాంక్ గ్రీన్‌బర్గ్ సాక్ష్యం చెప్పారు. అప్పటికి ఆడుతున్నవాళ్లలో ఒక్కడూ రాలేదు. సీవర్ కోసం ఏడ్చిన జనంలాంటి జనమే ఫ్లడ్‌ని తిడుతూ ఉత్తరాలు రాశారు. తొంభై వేల డాలర్లు సంపాదిస్తూ బానిసత్వం అంటాడేమిటని.

అయినా తలుపు కదిలింది. పదేళ్లు ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడు ట్రేడ్‌ని కాదనొచ్చన్న నిబంధన వచ్చింది. 1975 చివర్లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకి నచ్చిన జట్టుకి వెళ్లే స్వేచ్ఛా వచ్చింది. అభిమాని మనసు అసలు రంగు ఇక్కడే బయటపడుతుంది.

సియాటిల్ మారినర్స్‌నే తీసుకోండి. కెన్ గ్రిఫీ జూనియర్ 1989 నుంచి ఆ ఊరి ముద్దుబిడ్డ. 1999లో తనని ట్రేడ్ చెయ్యమని తానే అడిగాడు. మెట్స్‌కి పంపుతామంటే ఫ్లడ్ పుణ్యమా అని వచ్చిన హక్కు వాడి వద్దన్నాడు. తాను పెరిగిన సిన్సినాటికే వెళ్తానన్నాడు. బేరమాడే దారి లేక 2000 ఫిబ్రవరిలో మారినర్స్ అతన్ని అక్కడికే పంపింది. అదే ఏడాది డిసెంబరులో, ఒప్పందం ముగిసిన అలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్లకి 25.2 కోట్ల డాలర్లకి టెక్సాస్ జట్టుకి సంతకం చేశాడు. 2001 ఏప్రిల్‌లో అతను సియాటిల్‌కి ఆడటానికొస్తే జనం ఊళ పెట్టి, దొంగనోట్లు విసిరారు. 2007 జూన్‌లో గ్రిఫీ సిన్సినాటి చొక్కాతో వస్తే లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు.

డబ్బు తేడా ఉంది, నిజమే. గ్రిఫీ సిన్సినాటిలో బజారు ధర కంటే తక్కువకే ఒప్పుకున్నాడు. మధ్యలో ఏడేళ్లు గడిచాయి, అదీ నిజమే. కానీ ఇద్దరూ ఊరు వదలాలనుకున్నవాళ్లే. ఒకరు వెళ్లిన కాగితం మీద యాజమాన్యం సంతకం ఉంది, ఇంకొకరి కాగితం మీద ఆటగాడి సంతకం. మొదటి రకం కాగితం అభిమానికి పెద్ద ఊరట. తప్పు రుద్దడానికి ఒక గ్రాంటో ఒక లేనో దొరుకుతాడు, ఆటగాడు నిర్దోషిగా ఫొటోలో నిలిచిపోతాడు. మన దగ్గర కూడా సన్‌రైజర్స్‌కి 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి తప్పించినప్పుడు హైదరాబాద్ అభిమానుల తిట్లన్నీ యాజమాన్యానికే వెళ్లాయి. వార్నర్ తానే ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటే? ఇలా ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ప్రేమించిన ఆటగాడికి నోరు లేనంతకాలమే ప్రేమ చెక్కుచెదరకుండా ఉన్నట్టుంది.

2015 జూలై 29 రాత్రి మెట్స్ స్టేడియంలో జరిగింది దీనికి పరాకాష్ఠ. విల్మర్ ఫ్లోరెస్‌ని మిల్వాకీకి ఇచ్చేశారన్న వార్త ప్రేక్షకుల ఫోన్లలోకి ముందు వచ్చింది. మైదానంలో ఉన్న అతనికి జనమే లేచి వీడ్కోలు చెప్పారు, జనం వల్లే అతనికి తెలిసింది. పదహారేళ్లకే మెట్స్‌లో చేరిన ఆ వెనిజులా కుర్రాడు ఆట ఆడుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తీరా ఆ బేరం తప్పిపోయింది. రెండు రోజులకి 12వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించి, చొక్కా మీది మెట్స్ పేరుని పట్టుకుని చూపించాడు. జరగని ట్రేడ్‌ని కూడా ఇంతగా తలుచుకుంటారంటే దానికి కారణం ఆ కన్నీళ్లే. మూడేళ్ల తర్వాత, 2018 చివర్లో, అదే జట్టు అతనికి కొత్త ఒప్పందం ఇవ్వకుండా ఊరుకుంది. ఆ రోజు స్టేడియంలో ఎవరూ లేరు, సీజన్ అయిపోయింది.

ఇక గ్రిఫీ విషయంలో ఒక చిక్కు ప్రశ్న మిగిలే ఉంది. అతని ఒప్పందం 2000 సీజన్‌తో ముగుస్తుంది. అతను ట్రేడ్ అడక్కుండా ఒక్క ఏడాది ఆగి, రోడ్రిగెజ్‌లాగే తన సంతకంతో తానే సిన్సినాటికి వెళ్లి ఉంటే, నోట్లు ఎవరి మీద పడేవి? ఈ ప్రశ్న వేస్తే సియాటిల్ అభిమాని మాట మార్చి మైక్ కామెరాన్ సంగతి ఎత్తుతాడేమో. గ్రిఫీకి బదులుగా వచ్చినవాడు, 2001లో 116 ఆటలు గెలిచిన జట్టులో సెంటర్ ఫీల్డ్ కాసినవాడు, 2002 మే 2న ఒకే ఆటలో 4 హోమ్ రన్లు కొట్టినవాడు.