బిడ్డ బరువు, తల్లి నేరం

2011లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, 200 పౌండ్లకు మించి బరువున్న ఎనిమిదేళ్ళ బాలుణ్ణి అధికారులు తల్లి నుంచి వేరుచేసి పరుల సంరక్షణలో ఉంచారు. ప్రాణాపాయమున్న అరుదైన సందర్భాలలో ఇట్టి చర్య సమర్థనీయమేనని అదే ఏడు డేవిడ్ లుడ్విగ్ అనే వైద్యుడూ, లిండ్సే మర్టా అనే న్యాయవేత్తా అమెరికన్ వైద్యసంఘ పత్రికలో వాదించారు.

ఈ వాదాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. బిడ్డ తల్లిదండ్రుల సొత్తు కాదు. వాడి ఊపిరి ఆగిపోయే స్థితి వస్తే, సమాజం మారేదాకా ఓపిక పట్టమనడం అభ్యుదయం అనిపించుకోదు. కాని నేరమెవరిదన్నది వేరే ప్రశ్న. చవక తిండిలో చక్కెరా కొవ్వూ కూరి, దాన్ని ప్రకటనలతో పసివాళ్ళకు మప్పి లాభం గడించే కంపెనీల నుంచి ఎవరూ ఏమీ వేరుచేయలేదే!

పైగా అక్కడ పెంపుడు కుటుంబానికి బిడ్డ పోషణకై ప్రభుత్వం సొమ్ము చెల్లిస్తుంది. ఆ సొమ్మూ, వైద్యుడూ, మంచి తిండీ ముందుగా కన్నతల్లి గుమ్మానికే ఎందుకు రాకూడదు? ఏడాదికి పైగా ఆమెతో కలిసి ప్రయత్నించామని అధికారులన్నారు. ఆ ప్రయత్నం హితబోధా, సహాయమా అన్నదే అసలు పరీక్ష. సహాయమంతా అందిన తరువాత కూడా ప్రాణం మీదికి వస్తే కొద్దికాలం వేరుచేయవచ్చు, అదీ చికిత్సగానే. అంతకుముందే వేరుచేయడం సమాజం తన బాకీని తల్లి ఖాతాలో వ్రాయడమే.