వరూధినికి రెండో సంపుటం

క్రిస్టీన్ ఫీహాన్ ‘డార్క్’ నవలల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ కథ ఒకటే. 1999లో ‘డార్క్ ప్రిన్స్’తో మొదలైన ఆ వరుస ముప్పై పుస్తకాలు దాటింది. వందల ఏళ్లు బతికే కార్పేథియన్ మగవాళ్లు తోడు దొరక్క అనుభూతుల్నీ, రంగుల్నీ పోగొట్టుకుంటారు. చివరికి ఎండలోకి నడిచి చావాలి, లేదా రక్తపిశాచులుగా మారాలి. తన మనిషి గొంతు వినబడిన క్షణాన లోకంలో మళ్లీ రంగులు కనబడతాయి.

కథ తెలిసిందేగా, మళ్లీ ఎందుకు చదవడం అంటారు. నేను చదివేది ఎవరి వంతు వచ్చిందో చూడడానికి. మొదటి నవలలో నాయకుడి తమ్ముడిగా పక్కన నిలబడ్డ జాక్ రెండో నవలకి నాయకుడవుతాడు. వైద్యుడు గ్రెగొరీ నాలుగోదాకా ఆగాలి. పక్కపాత్రగా మొదలైనవాడు పక్కపాత్రగానే ముగిసిపోనక్కర్లేదన్న ఆ మాట నాకెంతో ఓదార్పు.

ఇలాంటి కథలు మా ఊరు మర్ఖేల్‌కి కొత్తవి కావు. మా నాందేడ్ జిల్లాలోకి గోదావరి వచ్చేది పైఠణ్ మీదుగానే. అదే పాత ప్రతిష్ఠానం, శాతవాహనుల రాజధాని. అక్కడి గుణాఢ్యుడు పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడనీ, రాజు తిరస్కరిస్తే ఒక్కో పత్రం చదివి మంటలో వేశాడనీ, అడవి మృగాలు మేత మాని కన్నీళ్లతో విన్నాయనీ ఐతిహ్యం. కాలిపోకుండా మిగిలిన లక్ష శ్లోకాలు నరవాహనదత్తుడి కథ. మనిషి కొడుకు విద్యాధరులకు చక్రవర్తి అయ్యే కథ. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో దాన్ని 18 లంబకాలుగా చెప్పాడు. అతను పెళ్లాడిన రత్నప్రభ, అలంకారవతి, శక్తియశ... ఒక్కొక్కరి పేరున ఒక్కో లంబకం. పేర్లు వాళ్లవే గాని వంతు ప్రతిసారీ అతనిదే.

మన తెలుగులోనో? వారపత్రికల కాలంలో యండమూరి ‘తులసిదళం’ లాంటివి అతీతశక్తి అంటే భయాన్నే నేర్పాయి. ప్రేమ కోసం అయిదు శతాబ్దాలు వెనక్కి, అల్లసాని పెద్దన మనుచరిత్ర దగ్గరికి పోవాలి. కోరిన చోటికి తీసుకుపోయే పాదలేపం మంచుకు కరిగి హిమాలయంలో చిక్కుకున్న ప్రవరుణ్ణి అప్సరస వరూధిని మనసారా కోరుకుంది. అతను కాదని ఇల్లు చేరాడు. ఆమె ఒకప్పుడు కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చాడు, ఆమె కళ్లు మూయించి కలిశాడు. ఆ కలయిక నుంచి మనువు పుట్టే వంశం సాగింది. కావ్యం అటు వెళ్లిపోయింది. ఎవరి చేతుల్లో ఉన్నానో తెలుసుకునే హక్కు మాత్రం వరూధినికి దక్కలేదు.

ఫీహాన్ నవలల్లో నాకు మింగుడుపడనిదీ ఇదే. మగవాడు బంధన మంత్రం పలికితే చాలు, ఆమె కట్టుబడిపోతుంది. నీకిష్టమేనా అని అడగడం తర్వాతి సంగతి. తోడు లేని మగవాడి బాధ నన్నూ ఏడిపిస్తుంది, నిజమే. కానీ ఆ బాధ ఎంత పెద్దదైనా, అడక్కుండా కట్టేయడానికి అది అనుమతి కాదు. లోకాలు దాటి వచ్చిన ప్రేమకైనా ఇదే నియమం.

తెలుగులో నవలలు రాసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. వరూధినికి రెండో సంపుటం రాయండి. అందులో ఆమె కళ్లు తెరిచి ఉండాలి.