ఆయాసపడే బిడ్డకు మన ఇల్లు ఏమి నేర్పుతోంది?

ఉబ్బసాన్ని మన ఇళ్ళలో దమా అంటారు. ఈ జబ్బులో శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి. దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు దాన్ని రేపుతాయి. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు. అయితే జబ్బు ఒకటే అయినా దాని బరువు పిల్లలందరికీ ఒకేలా ఉండదు. ఇంట్లో పెద్దల మాట ఆ బరువును తగ్గించనూవచ్చు, పెంచనూవచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో మేము తరచూ వినే మాటలివి: "పంపు అలవాటైతే జన్మంతా వదలదు." "ఆడపిల్ల, నలుగురికీ తెలిస్తే రేపు సంబంధం ఎలా కుదురుతుంది?" "కాస్త సబ్ర్ చెయ్యి బేటా." పెద్దలు ప్రేమతోనే అంటారు. కాని తన జబ్బు ఇంటికి అవమానమని బిడ్డకు అర్థమవుతుంది. ఆపై ఆయాసం వచ్చినా చెప్పదు. దాచిన ఆయాసం ప్రాణం మీదికి తెస్తుంది.

మరి సబ్ర్ అంటే ఏమిటి? బాధను బయటికి చెప్పకపోవడమా? హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) సహనానికి మారుపేరు. ఆయన కూడా తనకు బాధ కలిగిందని ప్రభువుకు మొరపెట్టుకున్నారని, ఆ మొరను అల్లాహ్ ఆలకించాడని దివ్య ఖుర్ఆన్ (21:83, 84) తెలుపుతోంది. "ఊపిరాడటం లేదు" అని బిడ్డ చెప్పడం సహనం కోల్పోవడం కాదు. బిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని దైవప్రవక్త (సఅసం) నమాజునే క్లుప్తం చేసేవారు. మరి ఆయాసంతో ఏడవడానికి కూడా ఊపిరి చాలని బిడ్డ మాట మనం వినవద్దా? సబ్ర్ చేయవలసింది పెద్దలు: రాత్రి మేల్కొనడంలో, మందు క్రమం తప్పకుండా ఇవ్వడంలో.

వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కనుక కొద్ది మోతాదు సరిపోతుంది. అది వ్యసనం కాదు. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం పంచే చేప మందు కోసం పిల్లలతో వెళ్ళేవారున్నారు. దాని గుణం శాస్త్రీయంగా రుజువు కాలేదు. దాన్ని నమ్మి డాక్టరు ఇచ్చిన మందు ఆపడం తవక్కుల్ అనిపించుకోదు.

అతి జాగ్రత్త కూడా బిడ్డకు భారమే. జబ్బు అదుపులో ఉంటే బిడ్డ ఆడవచ్చు, పరుగెత్తవచ్చు. కట్టడి చేయవలసింది ఇంట్లోని బీడీ పొగను, లోబాన్ పొగను. బడిలో టీచరుకు, మద్రసాలో ఉస్తాద్‌కు జబ్బు సంగతి చెప్పండి. పంపు బిడ్డ సంచిలోనే ఉండనివ్వండి. మాట కూడా రానంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలమైనా, పంపు వాడుతూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. జబ్బు ఎందుకు వచ్చిందని మనల్ని ఎవరూ ప్రశ్నించరు. జబ్బుపడిన బిడ్డతో ఎలా మెలిగామన్నదానికి మాత్రం జవాబు చెప్పుకోవాలి. మన నోట బిడ్డకు ధైర్యమిచ్చే మాటలే పలికే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.