బిడ్డా, ముందు నువ్వే వెతుకు

బిడ్డా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అమీర్‌పేటకు పోయి కోచింగ్‌లో చేరనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. కొన్నాళ్లు ఆర్మూర్‌లోనే ఉండి, నీ అంతట నువ్వు వెతుక్కుంటూ నేర్చుకో. డబ్బులు మిగులుతాయని కాదు నేననేది. ఒకరు చెప్పేదాకా ఆగే అలవాటు పడకముందే, తెలియనిదాన్ని తవ్వి తీసే అలవాటు నీకు పడాలి.

పైథాన్‌తో మొదలుపెట్టు. 1991లో గైడో వాన్ రాసమ్ బయటికి తెచ్చిన భాష అది. దాని అధికారిక పాఠం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వీడియోలు చూడొద్దనను గానీ, చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. ఖాళీ తెర ముందు కూర్చున్నప్పుడే మనకేం రాదో తెలుస్తుంది.

రాయడానికి లెక్క కావాలంటావా? మీ ఇంట్లోనే ఉంది. మీ నాయిన నిజామాబాద్ యార్డుకు తోలే పసుపులో కొమ్మెంత, మండెంత, క్వింటాలుకు ధరెంత, ఖర్చులు పోను చేతికొచ్చేదెంత, ఇదే రాయి. రెండు బస్తాల తూకం ఇన్‌పుట్ అనేదాంతో అడిగించి, 60, 55 అని కొట్టి కూడమంటే 115 రాదు, 6055 వస్తుంది. అక్కడ ఎవరినీ అడగకు. ఎందుకలా వచ్చిందో ముందు నీ ఊహ నోట్‌బుక్‌లో రాసుకో, తెలుగులోనే రాసుకో. ఆ తర్వాత ఒక్క లైన్ ప్రోగ్రామ్‌తో దాన్ని పరీక్షించు. ఇన్‌పుట్‌తో తీసుకున్నది పైథాన్‌కు అంకె కాదు, వరుసగా పేర్చిన అక్షరాలు. ఇంట్ అనేదాంతో అంకెగా మార్చాకే కూడుతుంది. ఈ సంగతి నేను చెబితే రేపటికి మరిచిపోతావు, నువ్వే పట్టుకుంటే ఎన్నటికీ మరవవు.

కొంచెం చేయి తిరిగాక ఇంకొకటి చేసి చూడు. ‘పసుపు’ అని తెలుగులో రాసి, దాని పొడవెంతో చెప్పమని పైథాన్‌లోని లెన్ అనేదాన్ని అడుగు. మనకు కనబడేవి మూడక్షరాలు, అది 5 అంటుంది. తప్పనుకుని వదిలేయకు, వెంటపడు. యూనికోడ్‌లో ప, స, ప మూడు గుర్తులు, రెండు కొమ్ములు విడిగా మరో రెండు గుర్తులు. ఇంకా లోపలికి పోతే, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 15. మూడక్షరాల మాట వెంట పోయి, కంప్యూటర్ మన భాషను ఎట్లా దాచుకుంటుందో తెలుసుకున్నావన్నమాట. పరిశోధన అంటే నా దృష్టిలో ఇదే. దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

ఎర్రర్ వస్తే బెదరకు. ఎర్రటి ఇంగ్లీషు చూసి తెలుగు మీడియం పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతారు, నాకు బాధగా ఉంటుంది. ముందు చివరి లైన్ చదువు, ఏం తప్పో సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది. నేమ్ఎర్రర్ అంటే నువ్వు వాడిన పేరు దానికి తెలియదు. టైప్ఎర్రర్ అంటే అంకెనూ అక్షరాలనూ కూడినట్టు కలవనివి కలిపావు. అలా వచ్చే మాటలు మొదట్లో పదో ఇరవయ్యో, అంతే. సరిచేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చు. నాలుగు మార్చాక పనిచేస్తే, దేనివల్ల పనిచేసిందో నీకే తెలియదు.

ఇక ఏఐ. అడిగిన క్షణంలో ప్రోగ్రామ్ రాసిస్తుంది, వాడుకో. కానీ పసుపు కొనేవాడు పై మెరుగు చూసి ఆగడు కదా, కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. అదిచ్చిన ప్రోగ్రామ్‌ను నువ్వూ అట్లాగే విరిచి చూడు. నడపకముందే ఏ లైన్ ఏం చేస్తుందో కాగితం మీద రాయి, నడిపి పోల్చుకో. తేడా వచ్చిన చోట అధికారిక పాఠం తెరువు. ఏఐ ధీమాగా తప్పు కూడా చెబుతుంది.

ఎంత వెతికినా దొరకనప్పుడు అడుగు, మొహమాటపడకు. కాకపోతే ‘పనిచేయడం లేదు’ అని ఊరుకోకు. తప్పు కనబడేంత చిన్న ముక్క, ఏమొస్తుందనుకున్నావో, ఏమొచ్చిందో, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించావో రాసి అడుగు. అది రాస్తుండగానే చాలాసార్లు జవాబు తట్టేస్తుంది. తట్టకపోతే ఆ కాగితం పట్టుకుని ఆదివారం మా ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.