తట్టి చూసి పూడ్చు అల్లుడూ

అల్లుడూ,

ఉప్పాడలో పాత ఫైబర్ బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు రాత్రి రెండుసార్లు చూశాను. పక్కల మీద చిన్న చిన్న గుంటలు, ముక్కు దగ్గర పెచ్చులు లేచిన చోట్లు, గంగమ్మ బొమ్మ కింద ఎవరో మరలు పీకేసి వదిలిన బొక్కలు. ఇవి నీ చేత్తో నువ్వు చేసుకోగలిగినవే. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. నిదానంగా చేసుకో.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. మన తాతల కాలపు కొయ్య నావ నీళ్లలో నానితే పలకలు ఉబ్బి సందులు వాటంతటవే బిగుసుకునేవి. ఫైబర్‌కు ఆ గుణం లేదు. పైన కనిపించే నున్నటి రంగు పొర జెల్‌కోట్, మందం సుమారు అర మిల్లీమీటరే. దాని కింద రెసిన్‌లో తడిసి గట్టిపడిన గాజు పీచు మ్యాట్. గుంట రంగు పొరలోనే ఆగిందా, అది పైపై దెబ్బ. గుంటలో తెల్లటి పీచు కనిపించిందా, నీళ్లు ఆ పీచు వెంట లోపలికి పాకుతాయి.

అందుకే పూడ్చే ముందు ఐదు రూపాయల బిళ్ల తీసుకుని ప్రతి చిల్లు చుట్టూ జానెడు మేర తట్టు. గట్టిగా, స్పష్టంగా మోగితే మంచిదే. మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయాయన్నమాట. అలాంటి చోటా, ఇంజను బిగించే వెనక పలక దగ్గరా, నీటి మట్టానికి కింద అవతలికంటా పోయిన చిల్లు దగ్గరా నువ్వు చెయ్యి పెట్టకు, పని తెలిసిన మనిషిని పిలువు. చుక్కలా నాలుగు వైపులా చీలిన సన్నటి బీటలు కనిపిస్తే అవీ అంతే. అక్కడ గట్టి దెబ్బైనా తగిలి ఉంటుంది, లేదా లోపల బలం చాలక బోటు గోడైనా వంగుతూ ఉంటుంది. పైన ఎంత పూసినా ఒక్క వేటకే మళ్లీ విచ్చుకుంటాయి.

మిగతావి నీవే. మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి రెండు రోజులు ఆరనివ్వు. ఆ తర్వాత శుభ్రమైన గుడ్డతో అసిటోన్ పెట్టి తుడువు. ఇది రుద్దక ముందే చెయ్యాలి. జిడ్డు ఉండగా ఎమరీ పేపర్ వేస్తే ఆ జిడ్డంతా గీతల్లోకి దిగి, వేసిన మందు పట్టదు. మర బొక్కల అంచును పెద్ద డ్రిల్ బిట్‌తో గిన్నెలా కాస్త వెడల్పు చెయ్యి. డ్రిల్లును వెనక్కి తిప్పుతూ చేస్తే చుట్టూ రంగు పొర పెచ్చు లేవదు. తిన్నటి బొక్కలో వేసిన బిరడా ఊడి వస్తుంది. గిన్నెలో వేసినది పట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు అసలు భయం చెబుతాను, శ్రద్ధగా విను. కొట్లో నీకు రెసిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఊదా రంగుది కోబాల్ట్. నీళ్లలా తెల్లగా ఉండేది హార్డనర్. ఈ రెండూ ఒకదాన్నొకటి నేరుగా తాకకూడదు. నేను పనిలో చేరిన ఏడాదే పక్క షెడ్డులో ఒక కుర్రాడు రెండింటినీ ఒకే గిన్నెలో పోశాడు. కళ్ల ముందే భగ్గుమంది. వాడి కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పోసి బాగా కలుపు. అది పూర్తిగా కలిశాకే హార్డనర్ వెయ్యి. రెండింటికీ వేరు వేరు సిరంజిలు, వేరు వేరు పుల్లలు. సీసాలు కూడా ఒకే సంచిలో పెట్టకు. కొన్ని రెసిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది, కొనేటప్పుడే అడిగి తెలుసుకో. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకునే పని మొదలుపెట్టు, పక్కనే బిందెడు మంచినీళ్లు ఉంచుకో. పడితే కనీసం పావుగంట ఆపకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. అసిటోన్ దగ్గర బీడీ వెలిగించే స్నేహితుణ్ణి ఆ పూటకు దూరంగా పంపెయ్.

పాళ్లు కంటి అంచనాతో వద్దు. వంద గ్రాముల రెసిన్‌కు హార్డనర్ ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు. మే నెల ఎండకు ఒకటికి దగ్గరగా ఉంచు, లేదంటే పుల్ల తిప్పుతుండగానే గడ్డకడుతుంది. అలాగని ఒకటికి తగ్గించకు, ఎన్నాళ్లైనా పూర్తిగా గట్టిపడదు. పొద్దున్నే, నీడలో, టీ గ్లాసుడుకు మించకుండా కలుపుకో. మిగిలిన ముద్ద డబ్బాలోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. దాన్ని ఇసుక మీద పరిచి, చల్లారాకే పారెయ్యి.

మర బొక్కల్లోకి మ్యాట్‌ను సన్నగా కత్తిరించి, ఏరోసిల్ పొడితో చిక్కబరిచిన రెసిన్‌లో కలిపి కూరు. ఆరాక కాస్త కుంగుతుంది కనుక పైకి ఉబ్బెత్తుగానే వదిలి, గట్టిపడ్డాక రుద్ది చదును చెయ్యి. కార్లకు పెట్టే పుట్టీ చవగ్గా దొరుకుతుంది, వాడకు. అందులోని సుద్ద పొడి నీళ్లు పీల్చుకుంటుంది. నా మొదటి బోటుకు అదే పెట్టి రెండు నెలలకే మొత్తం గోకి తీసేశాను. ఎపాక్సీ బంక కూడా ఇక్కడ వద్దు. దాని మీద జెల్‌కోట్ సరిగా పట్టదు.

పైన వేసే జెల్‌కోట్‌కు రంగు కలిపే ముందు పాత చోటును రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చూడు. ఎండకు పొడిబారిన నీలం కింద అసలు నీలం వేరే ఉంటుంది, దానికే జత కుదరాలి. జెల్‌కోట్ వేశాక గాలి తగిలితే పైన జిగురుగానే ఉండిపోతుంది. దళసరి ప్లాస్టిక్ షీటు పరిచి, బుడగలు లేకుండా నొక్కి, అంచులకు టేపు వెయ్యి. మర్నాడు షీటు లాగితే అద్దంలా వస్తుంది. ఆ తర్వాత నీళ్లు పోస్తూ 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్దు. ఈ రుద్దుడులో ఓపిక అయిపోతుంది, నాకు తెలుసు. రెండో పూటకు వదిలెయ్యి గానీ నంబరు మాత్రం దాటెయ్యకు. పొడిగా రుద్దాల్సి వస్తే ముక్కుకు మంచి మాస్కు కట్టు. ఆ గాజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముప్పై ఏళ్ల పనిలో నేను తెచ్చుకున్న దగ్గు నీకు వద్దు.

గంగమ్మ బొమ్మ కింద బొక్కలు చివరికి ఉంచు. ముందు లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట రెండు గుంటలు పూడ్చి చెయ్యి కుదిరాక అవి పట్టుకో. బిళ్లతో తట్టినప్పుడు ఎక్కడైనా శబ్దం అనుమానంగా ఉంటే ఫోన్ దగ్గర పెట్టి నాకు వినిపించు. మే మొదటి వారంలో నేనే వస్తున్నాను. ఆ లోపు నీటి మట్టం కింద దేనినీ ముట్టుకోకు.

మీ మావయ్య