చిన్నా, బాటిల్ వెనక్కి తిప్పి చదువు

ఒరేయ్ చిన్నా,

వంద డాలర్లు పొయ్యకుండా ఫ్రెండ్స్ ముందు పెట్టదగ్గ విస్కీ దొరకదా బాబాయ్ అని మొన్న ఫోన్లో అడిగావు. దొరుకుతుందిరా. పాతిక డాలర్లకే దొరుకుతుంది. అదీ ఏదో సర్దుకుపోయే సరుకు కాదు, ఎవరి ముందైనా తలెత్తుకుని పెట్టగలిగింది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలతో ఈ సంగతి మాట్లాడరు. మాట్లాడకపోతే వాళ్ళ జోలికి రాదనుకుంటారు. పిల్లలేమో రూమ్మేట్ చెప్పింది నమ్మి, దుకాణంలో అద్దాల బీరువాకి తాళం వేసి పెట్టినదే గొప్పదనుకుని, చదువు అప్పు తీరకముందే కార్డు గీకేస్తారు. నీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను. తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అసలు ముట్టకపోతే నాకు ఇంకా సంతోషం. తాగేటట్టయితే మాత్రం కొంచెం తాగు, మంచిది తాగు, దాని కోసం జేబు కోసుకోకు.

ముందు స్కాచ్ మోజు సంగతి. మీ నాన్నా నేనూ పెరిగిన రోజుల్లో స్కాచ్ అంటే విదేశం నుంచి వచ్చినవాళ్ళు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చే వస్తువు. దిగుమతి సుంకం ఏళ్ళ తరబడి 150 శాతం ఉండేది. అందుకని ఆ బాటిల్‌కి రుచిని మించిన మర్యాద దక్కింది. ఆ మర్యాదే మనవాళ్ళతో పాటు విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. డాలస్ అయినా న్యూజెర్సీ అయినా తెలుగువాళ్ళ పార్టీలో బ్లాక్ లేబుల్ కనిపించకపోతే ఏదో లోటు జరిగినట్టు చూస్తారు. బ్లాక్ లేబుల్ మంచి విస్కీయే, కాదనను. కానీ నువ్వున్నది బర్బన్ విస్కీ పుట్టిన దేశం. నేనుండే సిన్సినాటిలో ఒహాయో నది దాటితే కెంటకీ. ఇక్కడ తయారై ఇక్కడే అమ్ముడయ్యే సరుకుకి సముద్రం దాటే ఖర్చు ఉండదు. అదే డబ్బుకి ఎక్కువ విస్కీ వస్తుంది, ఎక్కువ రుచీ వస్తుంది.

ఇంకో సుఖం ఉంది. నిన్ను మోసం కాకుండా కాపాడే పని చాలామటుకు ఇక్కడి చట్టమే చేసేసింది. బర్బన్ అని పేరు పెట్టాలంటే అందులో వాడిన ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. రంగు కలపకూడదు, ఎసెన్సు కలపకూడదు. నువ్వు చూసే ఆ ఎర్రటి రంగంతా మాడిన చెక్క ఇచ్చిందే. మాడేటప్పుడు చెక్కలోని చక్కెరలు పాకం పడతాయి, వెనిలా వాసన కూడా ఆ చెక్కలోంచే పుడుతుంది. కెంటకీలో ఎండాకాలం ఉడికిస్తుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. వేడికి విస్కీ చెక్కలోకి ఇంకుతుంది, చలికి వెనక్కి వస్తుంది. ఆ రాకపోకల వల్ల నాలుగేళ్ళు, ఆరేళ్ళకే చక్కగా తయారవుతుంది. చల్లటి స్కాట్లండ్‌లో వాడేసిన పాత పీపాల్లో ఊరే స్కాచ్‌కి పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు గొప్ప కావచ్చు. బర్బన్‌కి ఆ లెక్క పట్టుకుని ఏళ్ళ కోసం డబ్బు పొయ్యకు. కొత్త పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంటే చెక్క చేదెక్కుతుంది.

దుకాణంలోకి వెళ్ళాక ముందు వైపు బొమ్మలు చూసి ఆగిపోకుండా బాటిల్ చేతిలోకి తీసుకో, వెనక్కి తిప్పి చదువు. 'స్ట్రెయిట్ బర్బన్' అని ఉంటే కనీసం రెండేళ్ళు పీపాలో ఉన్నట్టు. నాలుగేళ్ళకి తక్కువైతే ఎంత వయసో లేబుల్ మీద వేసి తీరాలి. అంటే స్ట్రెయిట్ అని ఉండి, ఏళ్ళు ఎక్కడా వెయ్యలేదంటే అది నాలుగేళ్ళదో అంతకన్నా పాతదో అన్నమాట. ఉత్త 'బ్లెండెడ్ విస్కీ' అని ఉన్న అమెరికన్ బాటిల్ అయితే జాగ్రత్త. అందులో 20 శాతం స్ట్రెయిట్ విస్కీ ఉంటే చాలు, మిగతాదంతా న్యూట్రల్ స్పిరిట్ పోసుకోవచ్చు. మన దగ్గర మొలాసిస్ స్పిరిట్‌లో కాస్త మాల్ట్ కలిపి అమ్మేవాటికి ఇది చుట్టమే. 'స్మాల్ బ్యాచ్', 'హ్యాండ్‌క్రాఫ్టెడ్' అనే మాటలకి చట్టంలో అర్థమే లేదు. ఎన్ని పీపాలు కలిపితే స్మాల్ బ్యాచ్ అనేది కంపెనీ ఇష్టం. వాటికి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకు.

'బాటిల్డ్ ఇన్ బాండ్' అన్న మూడు ముక్కలు కనిపిస్తే మాత్రం ఆగి చూడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ కూడా కల్తీ విస్కీ ఊళ్ళకి ఊళ్ళు ముంచెత్తింది. ఉత్త స్పిరిట్‌లో రంగు కోసం, ఘాటు కోసం పొగాకు దగ్గర్నుంచీ కలిపేవాళ్ళు. కల్నల్ ఈ.హెచ్. టేలర్ అనే కెంటకీ విస్కీ తయారీదారూ, అప్పటి ఆర్థికమంత్రి జాన్ కార్లైల్ వంటివాళ్ళూ పట్టుబట్టడంతో 1897లో చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచినదై ఉండాలి. సీజన్ అంటే జనవరి నుంచి జూన్ ఒకటి, జులై నుంచి డిసెంబర్ ఇంకొకటి. ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్ళు ఊరాలి. సరిగ్గా 100 ప్రూఫ్‌కి, అంటే 50 శాతం ఆల్కహాల్‌కి తెచ్చి సీసాలో నింపాలి. ఎక్కడ కాచారో లేబుల్ మీద చెప్పాలి. జనానికి సరుకు మీద నమ్మకం కలిగించడానికి పెట్టిన ఆ కట్టుబాటు ఈనాటికీ అమల్లో ఉంది, పైగా 20 డాలర్ల బాటిల్ మీద కూడా దొరుకుతుంది. నాకు తెలిసి కొత్తగా కొనేవాడికి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు ఇంకోటి లేదు.

ఎవాన్ విలియమ్స్ అనే బర్బన్‌లో రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి, నల్ల లేబుల్, తెల్ల లేబుల్. నువ్వు బాండ్ ముద్ర ఉన్న తెల్లది తీసుకో. 20 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది. దాని మీద డిస్టిలరీ నంబర్లు రెండు కనిపిస్తాయి. కాచింది డీఎస్‌పీ-కేవై-1లో, సీసాలో నింపింది డీఎస్‌పీ-కేవై-31లో. మొదటిది లూయివిల్, రెండోది బార్డ్స్‌టౌన్. ఆ రెండు ఊళ్ళు ఎందుకొచ్చాయంటే, 1996 నవంబర్‌లో బార్డ్స్‌టౌన్‌లోని దీన్ని తయారుచేసే హెవెన్ హిల్ వాళ్ళ డిస్టిలరీ మంటల్లో కాలిపోయింది. గోదాములతో పాటు 90 వేలకు పైగా పీపాలు బూడిదయ్యాయి. తర్వాత 1999లో వాళ్ళు లూయివిల్‌లో బర్న్‌హైమ్ డిస్టిలరీ కొనుక్కుని అక్కడ కాచడం మొదలుపెట్టారు, నింపడం మాత్రం బార్డ్స్‌టౌన్‌లోనే. కుటుంబం నడుపుతున్న కంపెనీ అది, అంత దెబ్బ తిని కూడా చవక బాటిల్‌లో నాణ్యం తగ్గించలేదు. నాకు వాళ్ళ మీద గౌరవం అందుకే.

100 ప్రూఫ్ అంటే ఘాటు కదా బాబాయ్ అంటావు. ఘాటు తగ్గించడం నీ చేతిలో పనే. మామూలు చవక బాటిల్ 80 ప్రూఫ్, అంటే 40 శాతం. ఆ నీళ్ళు కంపెనీవాళ్ళే కలిపి నీకు విస్కీ ధరకి అమ్మారు. 50 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్‌ని నువ్వే 40 శాతానికి తెచ్చావనుకో, 937 మిల్లీలీటర్లు అవుతుంది. ఒక ఫుల్ కొంటే క్వార్టర్ పైన వచ్చినట్టు. ధర పోల్చేటప్పుడు ఈ లెక్క చూసుకో. పైగా నీకు కావాల్సినంత నీళ్ళు నువ్వు కలుపుకోవచ్చు, కలిపిన నీళ్ళు మాత్రం బయటికి తియ్యలేవు.

ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్ కూడా చూడు. నారింజ రంగు లేబుల్, పాతకాలపు మనిషి బొమ్మ. చూడ్డానికి ఎవరూ చెయ్యి వెయ్యని బాటిల్‌లా ఉంటుంది. దీని ధాన్యం పాళ్ళూ, బేసిల్ హేడెన్ అనే ఖరీదైన బాటిల్ పాళ్ళూ ఒకటే, రై అనే ధాన్యం ఎక్కువ, 27 శాతం. అదే కంపెనీ. బేసిల్ హేడెన్ 80 ప్రూఫ్, దానికి దాదాపు రెట్టింపు ధర. వయసులో, పీపాల ఎంపికలో తేడా ఉండొచ్చు గానీ, ఆ తేడా అంత డబ్బు చెయ్యదని నా అభిప్రాయం. రై ఎక్కువ కాబట్టి మిరియం లాంటి కారం తగులుతుంది. మన నాలుకలకి అది ఇట్టే నచ్చుతుంది.

వైల్డ్ టర్కీ 101 గురించి ఎవరిని అడిగినా మంచిమాటే చెబుతారు. బాండ్ ముద్ర లేకపోయినా 50.5 శాతం. జిమ్మీ రసెల్ 1954లో ఆ డిస్టిలరీలో చేరారు, జీవితమంతా అక్కడే పనిచేశారు, కొడుకు ఎడ్డీ కూడా అదే పనిలోకి వచ్చారు. ఫ్యాషన్ ఎటు పోయినా తేలికపాటి విస్కీ వైపు వెళ్ళకుండా నిలబడ్డ ఇల్లది. కొంచెం డబ్బు మిగిలి 25 డాలర్లు దాటగలిగితే ఇదే కొను.

బఫలో ట్రేస్ బర్బన్ కోసం వెతకాలా అంటే, అసలు ధరకి దొరికితే కొను, మంచిది. దొరకలేదని రెట్టింపు పెట్టకు. నువ్వుండే టెక్సస్‌లో ఏ దుకాణం ధర ఆ దుకాణానిది. మా ఒహాయోలో అయితే రాష్ట్రమే ధర కడుతుంది, ఎక్కడైనా ఒకటే. బఫలో ట్రేస్ డిస్టిలరీలోనే తయారయ్యే పాపీ వాన్ వింకిల్ వేల డాలర్లకి చేతులు మారుతోందని వినే ఉంటావు. అంత పెట్టేవాళ్ళు కొనేది అరుదుతనాన్ని. ఇక కొత్త కొత్త పేర్లతో, తాతల కథలతో 60 డాలర్లకి వచ్చే బాటిల్స్ ఉంటాయి. వెనక సన్న అక్షరాల్లో 'డిస్టిల్డ్ ఇన్ ఇండియానా' అని ఉందేమో చూడు. వేరే రాష్ట్రంలో కాచిందైతే ఆ పేరు వెయ్యాలని నియమం. ఇండియానాలో పెద్ద ఫ్యాక్టరీలో కాచిన విస్కీ చెడ్డదేం కాదు, చాలాసార్లు బాగుంటుంది కూడా. కథకి మాత్రం డబ్బు ఇవ్వకు.

కొన్నాక తాగే పద్ధతి. ఖరీదైన గ్లాసులు అక్కర్లేదు, పైకి వచ్చేసరికి మూతి సన్నబడే చిన్న గ్లాసు ఏదైనా చాలు. 30 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు అలా వదిలెయ్. వాసన చూసేటప్పుడు ముక్కు లోపలికి దూర్చకుండా, నోరు కొంచెం తెరిచి చూడు, ఘాటు గుచ్చదు. తర్వాత చెంచాడు నీళ్ళు పొయ్యి, మళ్ళీ వాసన చూడు. మారుతుంది. మిరపకాయ బజ్జీలూ చికెన్ 65 తర్వాత తినొచ్చు, మొదటి గుక్క ముందు మాత్రం ఆ కారం వద్దు. కోక్ కలుపుకుంటే నేనేం తిట్టను గానీ, కోక్ కోసమైతే బ్రాండ్ గురించి ఇంత వెతకడం అనవసరం.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. ఇక్కడి లెక్కలో ఒక డ్రింక్ అంటే 40 శాతం విస్కీ 44 మిల్లీలీటర్లు. మన లార్జ్ పెగ్గు 60, దాన్ని 100 ప్రూఫ్‌తో పోస్తే ఒక పెగ్గులోనే దాదాపు ఒకటీ ముప్పాతిక డ్రింకులు ఉన్నట్టు. రెండు పెగ్గులంటే దాదాపు మూడున్నర డ్రింకులు. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరాక బండి నడిపితే నేరం. దానికి తక్కువ ఉన్నా నీ తీరు బాగాలేదని టెక్సస్ పోలీసు అరెస్ట్ చెయ్యవచ్చు. నువ్వు వీసా మీద ఉన్నవాడివి. తాగి బండి నడిపావని అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే అధికారం ఇక్కడి ప్రభుత్వానికుంది. మళ్ళీ స్టాంపింగ్‌కి వెళ్తే డాక్టర్ పరీక్షకి పంపుతారు. ఇన్నేళ్ళ చదువు, మీ అమ్మా నాన్నా పెట్టుకున్న ఆశ, అన్నీ ఆ ఒక్క రాత్రి మీద పడతాయిరా. గ్లాసు పట్టుకున్న రోజు కారు తాళం ముట్టకు, ఊబర్ పిలువు. సగం అయిన బాటిల్ తీసుకెళ్ళాల్సి వస్తే డిక్కీలో పెట్టు, సీటు పక్కన పెడితే అదీ నేరమే. మీ ఇంట్లో పార్టీ అయితే వచ్చినవాళ్ళ సంగతీ నీదే, సోఫా మీద దుప్పట్లు వేసి పడుకోబెట్టు.

తాగనివాడిని బలవంతపెట్టకు. ఒంటరిగా ఉన్న రోజున, మనసు బాగాలేని రోజున బాటిల్ వైపు వెళ్ళకుండా నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ఏ మోతాదూ పూర్తిగా భద్రం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. అది మనసులో పెట్టుకుని ఎంతలో ఆపాలో నువ్వే నిర్ణయించుకో.

ఆదివారం మీ టెక్సస్‌లో లిక్కర్ షాపులు తియ్యరు, శనివారం కూడా రాత్రి తొమ్మిదిలోపే వెళ్ళాలి. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు అన్నయ్యకి, అంటే మీ నాన్నకి, ఏం తీసుకెళ్ళాలని కూడా అడిగావు కదా. దారిలో డ్యూటీ ఫ్రీలో బ్లూ లేబుల్ వైపు చూడకు. ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్ రెండు తీసుకెళ్ళు, ఒకటి అన్నయ్యకి, ఒకటి మీ మావయ్యకి. ఇండియాలో మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు, నీవి లీటరున్నరే. చెక్-ఇన్ బ్యాగులో సీలు తియ్యకుండా, తువ్వాళ్ళలో చుట్టి మధ్యలో పెట్టు. అన్నయ్యకి సోడా కలపకపోతే తాగినట్టుండదు, ఈ విస్కీ సోడాలో కూడా చప్పబడదు. ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచమని చెప్పు.

మీ బాబాయి