ఒక్క పంక్తి యాజ్ఞ

రోగుల వృత్తాంతములను కాగితములపై గాక కంప్యూటరునందు భద్రపఱచు సాఫ్టువేరులలో ఓపెన్ ఎం.ఆర్.ఎస్. ఒకటి. ఇది 2004లో అమెరికాలో ఆరంభమై, 2006లో కెన్యాదేశమునందలి ఎల్డోరెట్ పట్టణమున మొదట వాడుకలోనికి వచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామపు ఆసుపత్రిలో మొదలిడిన బాహ్మ్ని దీని పునాదిపైననే నిలిచినది. ఇది బ్రౌజరులో తెఱచుకొను సాధనము. రోగి పేరు వెదకి, అతని రికార్డు తెఱచి, చూచి, పిమ్మట మార్చవలెను.

ఇట్టిదానికి కమాండ్ లైను కూడ చేర్పుమని కంప్యూటరు పనివారు కోరుట సహజము. బొత్తాములు, బొమ్మలు లేని తెరపై ఆజ్ఞ నొక్క పంక్తిలో వ్రాసినచో, మూడువందల రికార్డులలో చేయవలసిన మార్పు క్షణములో ముగియును. ఈ కోరిక సోమరితనమనువారితో నే నేకీభవింపను. ఒకే బొత్తామును మూడువందల మారులు నొక్కిన గుమాస్తా చివరి రోగిని గూర్చి తలచునా? అలసిన చేయి చేయు తప్పులను కూడ లెక్కింపవలదా?

అయినను నాకొక భయము కలదు. ఎల్డోరెట్ ప్రాంతపు కలెన్‌జిన్ తెగలలో పుట్టిన వేళను బట్టి పేరిడు నాచారము కలదు. తెల్లవారుజామున పుట్టిన మగబిడ్డ కిప్‌కోయెచ్. సాయంకాలము మేకలు ఇల్లు చేరు వేళ పుట్టినవాడు కిప్రోనో. ఎన్ని తెల్లవారుజాములో అందఱు కిప్‌కోయెచ్‌లు! ఒకే రోగికి పొరపాటున రెండు రికార్డులు ఏర్పడినచో వానిని కలుపు నేర్పాటు ఈ సాఫ్టువేరున నున్నది. కాని ఒకసారి కలిపినవానిని విడదీయుట బహుకష్టము. తెరపై కలుపువారు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి ఊరును, వయస్సును పోల్చి చూతురు. “పేరును పుట్టిన సంవత్సరమును సరిపోయిన రికార్డులనెల్ల కలుపుము” అని వ్రాసినవాడు ఎవరిని చూచెను? పెన్సిలిన్ సరిపడదను మాట ఒకని దేహమునకు చెందినదై మఱియొకని రికార్డున కూర్చుండును.

దీనిని నిర్మించినవారు ఒక ధర్మమును దానియందే నిలిపిరి. సాధారణముగా ఒక యంశమును తొలగించినను అది నశింపదు. రద్దయిన గుర్తుతోడ, రద్దు చేసినవారి పేరు, కాలము, కారణము దాని ప్రక్కన నిలుచును. సమూలముగా తుడుచుటకు వేఱొక యాజ్ఞ కలదు. కావున కమాండ్ లైను చేర్చవలెనా వలదా యనుట చిన్నమాట. అది సాఫ్టువేరు ద్వారముననే ప్రవేశించునా, లేక గోడ దూకి డేటాబేసులో దిగునా యనునదే ప్రశ్న. గోడ దూకినచో పేరుండదు, కారణముండదు. ఒకే రహస్యపదమును నలుగురు పంచుకొను చోట, తప్పు “అడ్మిన్” అను నెవ్వరును కానివానిపై పడును.

ఆజ్ఞ నెఱవేర్చుటకు ముందు, అది తాకబోవు వారి జాబితా తెరపై కనబడవలెను. పిమ్మట కారణ మడుగవలెను. తొందరలో నున్నవారు కారణమున కెదురుగ “పని” యని వ్రాసి సాగిపోవుదురని నే నెఱుగనివాడను కాను. అయినను ఆ పదము ప్రక్క వారి పేరుండును. రికార్డు చెడిన కిప్‌కోయెచ్ వచ్చినపుడు ఎవరి నడుగవలయునో తెలియును.